కన్నీటి నుంచి ఖాళీ చోటుకు: లఘు కథాచిత్రాలలో శోకాభివ్యక్తి పరిణామం

ప్రవేశిక

రంగస్థలం మీద శోకం అనగానే తెలుగు ప్రేక్షకుడికి స్ఫురించేది హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో గుఱ్ఱం జాషువా శ్మశాన పద్యాలను చేర్చి పాడే సంప్రదాయం సుప్రసిద్ధం. అక్కడ దుఃఖానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. నటుడు రాగం తీస్తాడు, సభ వన్స్‌మోర్ అంటుంది, పద్యం మళ్లీ మొదలవుతుంది. ఆ నిడివిలోనే శోకం పండుతుంది. పది నిమిషాల నుంచి అరగంట లోపు ముగిసే లఘు కథాచిత్రానికి ఈ వెసులుబాటు లేదు. దూరమైపోయే మనిషి మీద ప్రేక్షకుడికి మమకారం కలగడానికే అందులో సమయం చాలదు. అటువంటప్పుడు ఆ మనిషి లేని లోటు మనసుకు ఎలా తగులుతుంది?

ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం. అందుకోసం 1909, 1962, 1980, 2000 సంవత్సరాలలో వెలువడిన నాలుగు చిత్రాలను పరిశీలిస్తున్నాను. వీటిలో ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఉందని నిరూపించడం నా ఉద్దేశం కాదు. వేర్వేరు దేశాలలో, వేర్వేరు పద్ధతులలో పనిచేసిన దర్శకులు ఒకే ఇబ్బందిని ఎదుర్కొని, ఇంచుమించు ఒకే దిశలో పరిష్కారం వెదికారన్నది ఇక్కడి ప్రతిపాదన. లఘుచిత్రం శోకభారాన్ని నటుడి ముఖం మీద నుంచి దించి, స్థలానికీ వస్తువుకూ కాలగతికీ అప్పగించింది. ఆలంకారిక పరిభాషలో చెప్పాలంటే అనుభావం చేసే పనిలో పెద్ద భాగాన్ని ఉద్దీపన విభావం చేపట్టింది.

సైద్ధాంతిక భూమిక

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో కరుణ రసానికి శోకం స్థాయిభావమని చెప్పాడు. ఇష్టజన వియోగం, సంపద నశించడం, వధ, బంధనం వంటివి దానికి విభావాలు. కన్నీరు కార్చడం, విలపించడం, నోరెండిపోవడం, ముఖం వివర్ణం కావడం, అవయవాలు పట్టు తప్పడం, నిట్టూర్పు మొదలైనవి అనుభావాలు. ఈ అనుభావాల పట్టిక ప్రధానంగా నటుడి శరీరాన్ని ఉద్దేశించినది. రంగస్థలం మీద ప్రేక్షకుడి చూపును నిలిపే ముఖ్య సాధనం నటుడే కనుక అది సహజం.

తర్వాతి ఆలంకారికులు విభావాన్ని ఆలంబనమనీ ఉద్దీపనమనీ విభజించారు. ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో ఆ వ్యక్తి ఆలంబనం. ఆ భావాన్ని రగిల్చే దేశకాలాదులు ఉద్దీపనం. కెమెరా ప్రవేశంతో ఈ రెండింటి మధ్య నిష్పత్తి మారే అవకాశం వచ్చింది. నటుడు లేని చోటును కూడా కెమెరా చూడగలదు. అతడు వెళ్లిపోయిన తర్వాత కూడా అక్కడే నిలబడగలదు. ఈ శక్తిని సినిమా తొలి దశాబ్దాలలోనే గుర్తించింది.

మూసిన తలుపు: 1909

డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1908, 1913 సంవత్సరాల మధ్య అమెరికాలోని బయోగ్రాఫ్ సంస్థకు నాలుగు వందలకు పైగా లఘుచిత్రాలు తీశాడు. చాలావరకు ఒక్క రీలుకు మించని చిత్రాలు. 1909లో వచ్చిన ‘ద కంట్రీ డాక్టర్’ వాటిలో ఒకటి. కథ చాలా చిన్నది. పల్లెటూరి వైద్యుడు భార్యాబిడ్డలతో సుఖంగా ఉంటాడు. కూతురు జబ్బు పడుతుంది. అదే సమయంలో ఒక పేద ఇంటి బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. వైద్యుడు అక్కడికి వెళ్లి ఆ బిడ్డను కాపాడతాడు. తిరిగి వచ్చేసరికి సొంత కూతురు చనిపోయి ఉంటుంది.

ఈ కథలో శోకాన్ని పెంచే మొదటి సాధనం సమాంతర కూర్పు. రెండు ఇళ్లను మార్చి మార్చి చూపడంవల్ల ఒక బిడ్డ కోలుకుంటున్న ప్రతి క్షణమూ మరొక బిడ్డకు దక్కని క్షణంగా ప్రేక్షకుడికి తోస్తుంది. వైద్యుడి ధర్మసంకటాన్ని మాటల్లో వివరించే అవసరం కూర్పు తీర్చింది.

రెండవ సాధనం ఇంకా ముఖ్యమైనది. చిత్రం మొదట్లో బిల్లీ బిట్జర్ కెమెరా లోయను చూపుతూ మెల్లగా పక్కకు తిరిగి వైద్యుడి ఇంటి దగ్గర ఆగుతుంది. తలుపు తెరుచుకుని కుటుంబం బయటికి వస్తుంది. చిత్రం చివర్లో అదే కదలిక తలకిందులవుతుంది. కెమెరా మూసి ఉన్న తలుపు దగ్గర మొదలై, వచ్చిన దారినే లోయవైపు మరలిపోతుంది. ఇప్పుడు ఎవరూ బయటికి రారు. లోయ మొదట ఎలా ఉందో అలాగే ఉంది. గది లోపలి దృశ్యాలలో నటన ఆనాటి మూకీ పద్ధతిలోనే సాగినా, కథ మిగిల్చే బరువంతా ఈ చివరి షాటు మోస్తుంది. అందులో నటుడే లేడు.

లఘుచిత్రానికి పనికివచ్చే ఒక సూత్రం ఇక్కడ రూపు కట్టింది. మమకారాన్ని నిర్మించడానికి వ్యవధి లేనప్పుడు ఒక దృశ్యాన్ని ముందుగా పరిచయం చేసి, తర్వాత అదే దృశ్యాన్ని ఒకరు తక్కువగా చూపాలి. తీసివేత చేసేది దర్శకుడే, శేషాన్ని లెక్కించేది మాత్రం ప్రేక్షకుడు.

ప్రేక్షకుడి ఈ పాత్రను తర్వాతి కాలంలో సోవియట్ దర్శకులు సిద్ధాంతంగా చర్చించారు. లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం గురించి పుదోవ్‌కిన్ చెప్పిన వృత్తాంతం ప్రకారం, నటుడు మోజుఖిన్ ముఖంలో ఏ భావమూ లేని ఒకే షాటును సూపు గిన్నె, శవపేటికలోని స్త్రీ, ఆడుకుంటున్న పాప అనే మూడు దృశ్యాలకు విడివిడిగా జతచేశారు. శవపేటిక పక్కన చూసినవారు అదే ముఖంలో దుఃఖాన్ని దర్శించారు. ముఖం ఏడవకపోయినా శోకం అందుతుందన్న గుర్తింపు లఘుచిత్రానికి గొప్ప ఆసరా అయింది.

నిశ్చల చిత్రాలలో స్మృతి: 1962

ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో విడుదల చేసిన ‘లా జెటే’ నిడివి 28 నిమిషాలు. దాదాపు మొత్తం నిశ్చల ఛాయాచిత్రాలతో, ఒక కథకుడి స్వరంతో నడుస్తుంది. మూడవ ప్రపంచయుద్ధంలో పారిస్ నాశనమైన తర్వాత, భూగర్భంలో బతుకుతున్న శాస్త్రవేత్తలు ఒక బందీని గతకాలంలోకి పంపుతారు. చిన్నతనంలో ఓర్లీ విమానాశ్రయపు వేదిక మీద చూసిన ఒక స్త్రీ ముఖాన్ని అతడు మరచిపోలేకపోవడమే అతణ్ణి ఎన్నుకోవడానికి కారణం. గతంలో ఆమెను కలుసుకుంటాడు, ఆమెతో తిరుగుతాడు. చివరికి చిన్నతనంలో ఆ వేదిక మీద తాను చూసినది తన మరణమేనని గ్రహిస్తాడు.

పైకి విజ్ఞాన కల్పనగా కనిపించే ఈ కథకు ప్రాణం పోగొట్టుకున్నదాని మీద బెంగ. ఆ బెంగను మార్కర్ కథనంలో కంటె ఎక్కువగా మాధ్యమ స్వభావంలోనే ఉంచాడు. ఛాయాచిత్రం పుట్టుకతోనే గతానికి చెందినది. అందులోని మనిషి నవ్వుతున్నా ఆ నవ్వు గడిచిపోయినదే. చిత్రం మధ్యలో ఒక్కచోట, పడుకుని ఉన్న స్త్రీ కళ్లు తెరిచి చూస్తుంది. అంతకు ముందు ఆమె ఛాయాచిత్రాలు ఒకదానిలో ఒకటి కరుగుతుండగా పక్షుల కిలకిలలు పెరుగుతాయి. ఉన్నట్టుండి బొమ్మ కదులుతుంది. కొద్ది క్షణాల ఈ కదలిక తప్ప చిత్రమంతా నిశ్చలమే. ఒక్కసారి ప్రాణం చూపి వెనక్కి తీసుకోవడంవల్ల మిగిలిన నిశ్చలత్వం అంతా మరణంలా తోస్తుంది.

భరతుడు సాత్త్విక భావాలలో మొదట చెప్పిన స్తంభం నటుడి శరీరానికి సంబంధించినది. మార్కర్ దాన్ని చిత్ర శరీరానికే కలిగించాడు. ఇక్కడ భవభూతి ఉత్తరరామచరితంలోని చిత్రదర్శన ఘట్టం గుర్తుకు రావడం సహజం. మొదటి అంకంలో సీతారాములు తమ గత జీవితపు చిత్రాలను చూస్తారు. గడిచిపోయిన దుఃఖం చిత్రం వల్ల మళ్లీ వర్తమానమవుతుంది. రాబోయే వియోగానికి అదే నాంది. బొమ్మ ద్వారా గతాన్ని చూడటం ఓదార్పు కాకుండా కొత్త నష్టానికి వాకిలి కావడం రెండు రచనలలోనూ ఉంది. భవభూతి పాత్రల మాటలతో సాధించినదాన్ని మార్కర్ చూపే పద్ధతితో సాధించాడు.

తడిసిన కాగితం: 1980

సత్యజిత్ రాయ్ ఫ్రెంచి టెలివిజన్ కోసం 1980లో తీసిన ‘పీకూ’ 26 నిమిషాల చిత్రం. ఒక బాలుడి దినచర్య రూపంలో తాను రాసిన బెంగాలీ కథే దీనికి ఆధారం. సంపన్న గృహంలో పీకూ ఒక్కడే పిల్లవాడు. తాతగారు గుండెజబ్బుతో మంచం పట్టి ఉంటారు. తండ్రి ఆఫీసుకు వెళ్లాక తల్లి ప్రియుడు ఇంటికి వస్తాడు. పిల్లవాడికి రంగుల పెన్నులు కానుకగా తెస్తాడు. తోటలోని పూలన్నీ గీయమని తల్లి పీకూను బయటికి పంపుతుంది.

తెల్లపువ్వు దగ్గర పీకూకు చిక్కు వస్తుంది. పెన్నులలో తెలుపు లేదు. నల్లరంగుతో తెల్లపువ్వు గీస్తున్నానని ఇంట్లోకి కేకవేస్తాడు. ఇంతలో చినుకు పడి కాగితం మీద రంగు అలుక్కుపోతుంది. లోపలికి వచ్చిన పీకూకు మూసిన గదిలోంచి పెద్దల గొడవ వినిపిస్తుంది. తాతగారి గదికి వెళితే ఆయన చనిపోయి ఉంటారు. పిల్లవాడు బయటికి వచ్చి, కళ్లలో నీళ్లతో మళ్లీ బొమ్మ గీయడంలో పడతాడు.

ఇక్కడ కన్నీరు ఉంది. కనుక లఘుచిత్రం అనుభావాన్ని పూర్తిగా వదులుకున్నదని అనడం సరికాదు. అయితే ఆ కన్నీటి అర్థాన్ని ముందే సిద్ధం చేసినది తడిసిన కాగితం. తాత మరణం ఒక్కటే అయితే అది ఇంటి విషాదం. మూసిన గది, అందులోని గొడవ కలిసినప్పుడు అది ఇల్లు చెదిరిపోవడం. పిల్లవాడికి మొదటిది తెలుసు, రెండవదానికి పేరు తెలియదు. ప్రేక్షకుడికి రెండూ తెలుసు. ఈ తెలివిడిలోని తేడాయే ఇక్కడ కరుణకు మూలం. లేని తెలుపుకు బదులు నలుపు వాడిన పసివాడి సర్దుబాటు, పెద్దలు కప్పిపుచ్చుకుంటున్న దాన్నంతటినీ ఒక్క వస్తువులో చూపింది. రాయ్ దానికి వ్యాఖ్యానం జోడించలేదు.

తిరిగి తిరిగి వచ్చే చోటు: 2000

డచ్చి దర్శకుడు మైఖేల్ దుదోక్ డ విట్ రూపొందించిన ‘ఫాదర్ అండ్ డాటర్’ ఎనిమిది నిమిషాల చలనరేఖాచిత్రం. దీనికి ఆస్కార్ పురస్కారం లభించింది. మాటలు లేవు. ఒక తండ్రి గట్టు మీద కూతురికి వీడ్కోలు చెప్పి పడవ ఎక్కబోతాడు. మళ్లీ పరుగున వచ్చి ఆమెను ఎత్తుకుంటాడు. తర్వాత వెళ్లిపోతాడు, తిరిగి రాడు. కూతురు సైకిలు మీద అదే గట్టుకు వస్తూనే ఉంటుంది. బాలికగా, స్నేహితులతో, ప్రియుడితో, పిల్లలతో, చివరికి ముసలితనంలో ఒంటరిగా వస్తుంది. నీళ్లు ఎండి రెల్లు మొలిచిన ఆ చోటికి దిగి, పడవను కనుగొని అందులో ముడుచుకుని పడుకుంటుంది.

పాత్రలు చాలావరకు దూరం నుంచి, విశాలమైన ఆకాశం కింద చిన్నవిగా కనిపిస్తాయి. ముఖకవళికలకు అవకాశమే తక్కువ. శోకం మారని చోటుకూ మారుతున్న వయసుకూ మధ్య పుడుతుంది. ముసలితనంలో ఆమె గట్టు మీద నిలబెట్టబోయిన సైకిలు నిలవక పడిపోతుంటుంది. ఆమె దేహ దౌర్బల్యాన్నీ ఇక తిరిగి వెళ్లనవసరం లేదన్న సూచననూ ఆ వస్తువే అందిస్తుంది. ఇవనోవిచి స్వరపరిచిన ‘డాన్యూబ్ అలలు’ వాల్ట్జ్ బాణీ నేపథ్యంలో చక్రంలా తిరిగి రావడం ఈ పునరావృత్తికి శ్రుతి కలుపుతుంది.

గ్రిఫిత్ ఒక్కసారి చేసిన పునరావృత్తిని దుదోక్ డ విట్ చిత్రమంతటా పరిచాడు. అక్కడ నష్టం చివర్లో తెలుస్తుంది, ఇక్కడ మొదటి నిమిషాలలోనే తెలుస్తుంది. 1909 చిత్రం మరణాన్ని చూపితే, 2000 చిత్రం మరణమో కాదో తెలియని ఎదురుచూపును చూపింది. ఒక జీవితకాలాన్ని ఎనిమిది నిమిషాలలో ఇమిడ్చిన ఈ చిత్రానికి తక్కువ నిడివే బలమైంది. చోటు మళ్లీ మళ్లీ వచ్చే వేగంలో మధ్య సంవత్సరాలు జారిపోతాయి. శోకంలో కాలం గడిచే తీరు కూడా అటువంటిదే.

పరిమితులు

ఈ పద్ధతికి ప్రమాదమూ ఉంది. ఖాళీ కుర్చీ, ఆగిన గడియారం, వాడని చెప్పుల జత వంటివి పదేపదే వాడితే ఉద్దీపనం కాస్తా గుర్తింపు చీటీగా మిగులుతుంది. పైన చూసిన నాలుగు చిత్రాలలో ప్రతి వస్తువుకూ కథలో ఒక పని ఉంది. తలుపులోంచి మనుషులు వచ్చారు, పెన్నులు కానుకగా అందాయి, సైకిలు జీవితమంతా నడిచింది. బతుకులో వినియోగమైన వస్తువుకే లేమిని చెప్పే అధికారం వస్తుంది. శోకాన్ని సూచించడానికే దృశ్యంలో పెట్టిన వస్తువుకు ఆ అధికారం రాదు.

ఉపసంహారం

లఘుచిత్రంలో శోకాభివ్యక్తి కన్నీటిని బహిష్కరించలేదు. కన్నీటికి ముందూ వెనుకా ఉన్న చోటును పెంచింది. ఈ పరిణామాన్ని వివరించడానికి మనకు అరువు పరిభాష అవసరం లేదు. విభావానుభావాల విభజన అందుకు చాలినంత సూక్ష్మమైనది. అయితే మన దృశ్యమాధ్యమ విమర్శ కరుణ రసాన్ని నటీనటుల అనుభావాలతోనే కొలుస్తూ వచ్చినప్పుడు ఆ సిద్ధాంతంలో సగాన్నే వాడుకుంటున్నది. నటన బాగుందా అన్న ప్రశ్నతో పాటు, మొదట కనిపించినది తర్వాత ఏ దృశ్యంలో లోపించింది, ఆ లోపాన్ని ప్రేక్షకుడు తనంతట గుర్తించే వీలు ఉందా అన్న ప్రశ్నలు కూడా అడగాలి.

ఇందులో కళాసూత్రంతో పాటు ఒక మర్యాద కూడా ఉంది. దుఃఖంలో ఉన్నవారి ముఖంలోకి తేరిపార చూడటం మన ఇళ్లలోనూ పద్ధతి కాదు. పరామర్శకు వెళ్లినవారు పక్కన కూర్చుంటారు. ఈ నాలుగు చిత్రాలలో, తమ తమ తీరులలో, కెమెరా చేసినది ఆ పనే.