ఓబులేసు, మద్దిలేటి, దస్తగిరి – మన పేర్ల వెనుక చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం వారు కోరినప్పుడు, నాకు బాగా తెలిసిన సంగతి ఏమిటా అని ఆలోచించాను. గుమాస్తాగా నా సర్వీసంతా పేర్లు వ్రాయడంలోనే గడిచింది. ఓటర్ల జాబితా, రేషను కార్డుల రిజిస్టరు, పట్టాదారుల లెక్క – ఏ దస్త్రం తీసినా పేర్లే. బనగానపల్లె చుట్టుపక్కల పల్లెల జాబితా చేతికిస్తే, ఊరి పేరు చూడకుండానే ఇది మన ప్రాంతానిదని చెప్పవచ్చు. అందుకే మన మగపిల్లలకు పెద్దలు పెట్టిన పేర్ల గురించి, వాటి అర్థాల గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మొదట అహోబిలం. హిరణ్యకశిపుని చీల్చిన నరసింహుని చూసి దేవతలు “అహో, ఏమి బలము!” అన్నారట. అందుచేత అది అహోబలమని ఒక మాట. బిలము, అంటే గుహ, ఉన్నది కనుక అహోబిలమని మరొక మాట. జనం నోట అహోబలం ఓబులమైంది. అహోబలేశుడు ఓబులేసు అయినాడు. ఓబయ్య, ఓబన్న, ఓబుల్ రెడ్డి, ఆడపిల్లయితే ఓబులమ్మ – అందరూ ఆ కొండ బిడ్డలే.

ఈ పేరు చరిత్రకు కూడా ఎక్కింది. 1846లో ఇంగ్లీషు కుంఫిణీ వారి మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన వెంట నిలిచి పోరాడిన ముఖ్యుడు వడ్డె ఓబన్న. నరసింహుడన్నా ఓబన్న అన్నా దేవుడు ఒక్కడే. ఒకటి సంస్కృతంలో, రెండవది మన వాడుక మాటలో. దొరకూ అనుచరునికీ తల్లిదండ్రులు మొక్కిన కొండ ఒకటే అన్నమాట. ఈ సంగతి తెలిసినవారు ఓబన్న అనే పేరును నాటుపేరు అనరు.

ఇక మద్దిలేటి. బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి నరసింహస్వామి మన జనానికి ఇలవేలుపు వంటివాడు. ‘ఏరు’ అన్న మాట ‘ఏటి ఒడ్డు, ఏటి నీరు’ అన్నప్పుడు ‘ఏటి’ అవుతుంది కదా. అలాగే మద్దిలేరు అనే వాగు మద్దిలేటి అయింది. కనుక మద్దిలేటి, మద్దిలేటయ్య అంటే ఆ ఏటికి చెందినవాడు. ఒక వాగు పేరు మనిషికి పెట్టుకొని నూరేళ్ళు బ్రతకమని దీవించిన ప్రాంతం మనది. వానలు సరిగా పడని సీమలో వాగు పేరుకు ఎంత విలువో వేరే చెప్పనక్కరలేదు.

యాగంటి ఉమామహేశ్వరుని పేర యాగంటయ్య, మహానంది పేర మహానందయ్య, నందీశ్వరుడు, శ్రీశైలం పేర మల్లయ్య, మల్లికార్జున. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి ఇంట పశువులు కాచి, రవ్వలకొండలో కాలజ్ఞానం వ్రాసిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేర వీరబ్రహ్మం, బ్రహ్మయ్య. ఆయన శిష్యుడు, దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్ధయ్య పేరు ఈనాటికీ వినిపిస్తుంది.

మతం మాట వచ్చింది కనుక దస్తగిరి పేరు చెప్పాలి. పారసీకంలో ‘దస్త్’ అంటే చేయి, ‘గీర్’ అంటే పట్టుకొనేవాడు. చేయి పట్టి ఆదుకొనేవాడని అర్థం. మనం సంతకానికి దస్కత్తు అంటామే, అందులో ఉన్నదీ ఆ చేయే. ఇది బాగ్దాదులోని అబ్దుల్ ఖాదిర్ జీలానీ అనే మహనీయుని బిరుదు. మన పల్లెల్లో దస్తగిరి సాహెబు ఉన్నాడు, దస్తగిరయ్య ఉన్నాడు, దస్తగిరి రెడ్డీ ఉన్నాడు. పీర్ల పండుగకు మొక్కుకొని పుట్టినవాడు హుస్సేనయ్య, పీరయ్య. మొక్కు తీరితే పేరు పెట్టుకోవడమే తప్ప, ఇది ఎవరి పేరు అని మన పెద్దలు అడగలేదు.

దేవునికి దాసుడననే పేర్లు కూడా అన్ని చోట్లా ఉన్నాయి. మనకు రామదాసు, నరసింహదాసు. 1948 వరకు బనగానపల్లె సంస్థానాన్ని ఏలిన నవాబుల వంశంలో గులాం అలీ అనే పేరు పదేపదే వస్తుంది. గులాం అంటే సేవకుడే. ఎక్కడో ఉన్న ఐర్లాండు దేశంలోనూ పూర్వం ‘గిల్లా’ అని ముందు చేర్చి, ఫలానా పుణ్యపురుషుని సేవకుడు అనే అర్థంలో మగపిల్లలకు పేర్లు పెట్టేవారు. మూడు భాషల్లోనూ తల్లిదండ్రుల వినయం ఒకటే.

తాత పేరు మనుమనికి పెట్టడం మరొక ఆచారం. ఐరిష్ ఇంటిపేర్ల ముందు కనిపించే ‘ఓ’ అనే అక్షరానికి మనుమడు అనే అర్థం. అక్కడ అది ఇంటిపేరులో నిలిచింది, మన దగ్గర మనిషి పేరులోనే నిలిచింది. మామ పేరు కోడలు పలకరాదు కనుక, ఆ బిడ్డను ఇంట్లో అబ్బోడనో చిన్నోడనో పిలిచేవారు. అన్నదమ్ములందరికీ ఒకే దేవుని పేరు పెట్టిన ఇళ్ళలో పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అని ముగ్గురుండేవారు. రిజిస్టరులో ‘పె. ఓబులేసు’ అని చూసి, ‘పె’ ఇంటిపేరని బయటి ప్రాంతపు అధికారులు అనుకొనేవారు.

అన్నిటికంటె మనసు కలచే పేర్లు పుల్లయ్య, పెంటయ్య. ఈ పేర్లు విని మన మనుమలు నవ్వుతారు. నవ్వే ముందు ఒక లెక్క వినాలి. నూరేళ్ళ క్రిందట మన దేశంలో వెయ్యి మంది పిల్లలు పుడితే సుమారు రెండు వందల మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఇప్పుడు ఆ సంఖ్య ముప్ఫైకి లోపే. ఆనాడు వరుసగా బిడ్డలు పోయిన తల్లి, మళ్ళీ పుట్టిన బిడ్డను ఎంగిలి విస్తళ్ళ మీద, అనగా పుల్లాకుల మీద దొర్లించి పుల్లయ్య అనేది. పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకొని పెంటయ్య అనేది. ఎవరికీ అక్కరలేని వస్తువనుకొని మృత్యువు వదలి పోతుందని ఆశ. టీకాలు లేని కాలంలో పేరే టీకా. ‘శ్రీ వేంకటేశ్వర మహత్యం’ సినిమా తీసిన దర్శకులు పి. పుల్లయ్య గారి పేరూ ఈ మాటే. పారేసినట్లు కనిపించే ఆ పేర్లలో ఉన్నంత ప్రేమ, ఈనాడు నిఘంటువు వెదికి పెట్టే పేర్లలో ఉన్నదా అని నాకు సందేహం.

కాలం మారింది. ఓబులేసు కొడుకు ఓబులేష్ అయినాడు, మనుమడు ఇంకేదో అయినాడు. పేరు మార్చుకోవడం తప్పని నేననను. కాని ఉద్యోగాల కోసం, నవ్వుతారని భయపడి కాగితాల్లో తలా ఒక రకంగా వ్రాయించుకొన్న పేరు చివరికి ఇంటివారి మీదకే వస్తుంది. నాకు తెలిసిన ఒక పెన్షనరు కాలం చేసిన తరువాత, సర్వీసు రిజిస్టరులో ఒక అక్షరం, ఆధారులో మరొక అక్షరం ఉన్నదని ఆయన భార్యకు కుటుంబ పెన్షను నెలల తరబడి నిలిచింది. ఆ ఒక్క అక్షరం కోసం ఆమె ముసలితనంలో ఒక కార్యాలయం మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో.

కాబట్టి మిత్రులకు నా మనవి రెండే. పెన్షను ఉత్తర్వు, బ్యాంకు పుస్తకం, ఆధారు, భార్య పేరుతో సహా అన్నిటా ఒకే విధంగా ఉన్నదో లేదో మీరు ఓపికగా ఉన్నప్పుడే చూసుకోండి. మనుమల జనన రిజిస్టరులో పేరు చేరకపోతే ఏడాది లోపు రుసుము లేకుండా, తరువాత పదిహేనేళ్ళ వరకు రుసుముతో చేర్పించవచ్చునని గుర్తుంచుకోండి.

రెండవది, మీ పేరు, మీ నాయన పేరు, మీ తాత పేరు ఎందుకు వచ్చాయో మనుమలకు చెప్పండి. ఏ కొండకు మొక్కారో, ఏ దర్గాలో చదివింపులు చదివించారో, ఎంతమంది పోయిన తరువాత దక్కారో చెప్పండి. మన ఊరి మామిడిపండుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని మరో పేరు బేనిషాన్, అంటే మచ్చలేనిదని అర్థం. పండు పేరుకు కాపలా ప్రభుత్వం పెట్టింది. ఓబులేసు, మద్దిలేటి, పుల్లయ్యల పేర్లకు కాపలా ఇంట్లోని పెద్దలే. ఆ పేర్లు మళ్ళీ పెట్టకపోయినా ఫరవాలేదు. విన్నప్పుడు మన పిల్లలు నవ్వకుండా, తలవంచి నమస్కరిస్తే చాలు.