ఎయిర్ రైఫిల్ బ్యారెల్: బిగించడం, తీయడం, లేత్ పని.. తెలుసుకోవాల్సిన విషయాలు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చేలపై పడే కోతులను అదిలించేందుకు కొందరు రైతులు ఎయిర్ గన్ వాడుతుంటారు. గురి తప్పితే మొదటి అనుమానం బ్యారెల్‌పైనే. కొందరు దాన్ని ఊడదీసి నేరుగా లేత్ దుకాణానికి పట్టుకెళ్తారు. తెలియక చేసే ఈ పని తుపాకీని పాడు చేయడమే కాదు, పోలీసు కేసు దాకా తీసుకెళ్లొచ్చు.

లోపల ఏముంటుంది?

బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు. లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. దీన్నే రైఫ్లింగ్ అంటారు. సుమారు 400 నుంచి 450 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరిగే ఈ గాడులు మెత్తటి సీసం పెల్లెట్‌ను తిప్పుతూ బయటకు పంపుతాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది ఈ సైజు పెల్లెట్‌తోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. కాబట్టి బ్యారెల్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చినా నిశానా తప్పుతుంది.

ఎలా బిగిస్తారు?

మధ్యలో వంచి లోడ్ చేసే 'బ్రేక్ బ్యారెల్' రకంలో బ్యారెల్‌ను బ్రీచ్ బ్లాక్‌లోకి గట్టిగా ప్రెస్ చేస్తారు. ఆ బ్లాక్ పివట్ బోల్టుపై తిరుగుతుంది. మూసినప్పుడు గాలి లీక్ కాకుండా ఓ-రింగ్ లేదా వాషర్ ఉంటుంది. సిలిండర్‌లో గాలి నింపే పీసీపీ రకంలో బ్యారెల్‌ను బ్రీచ్‌లోకి దూర్చి చిన్న గ్రబ్ స్క్రూలతో బిగిస్తారు.

తీసేటప్పుడు జాగ్రత్త

ముందు పెల్లెట్ లేదని ఖాయం చేసుకోవాలి. పీసీపీ అయితే సిలిండర్ గాలి మొత్తం వదలాలి. స్ప్రింగ్ రకంలో కాక్ చేయకపోయినా స్ప్రింగ్ కొంత నొక్కుకునే ఉంటుంది. కంప్రెసర్ పనిముట్టు లేకుండా వెనక భాగం విప్పితే అది ఎగిరి ముఖానికి తగలొచ్చు. బ్యారెల్ వంచి ఉండగా ట్రిగ్గర్ నొక్కితే అది ఒక్కసారిగా పైకి లేచి వేళ్లు నలగ్గొడుతుంది, బ్యారెల్ కూడా వంగిపోతుంది. బ్లాక్ నుంచి బ్యారెల్‌ను సుత్తితో కొట్టి తీయకూడదు, ప్రెస్ మీదే తీయాలి.

లేత్ మీద ఏం చేస్తారు?

ఉర్దూలో ఖరాద్ అనే లేత్ మెషిన్‌పై ఎక్కువగా చేసేది మూతి అంచును సరిచేయడం. దీన్ని క్రౌన్ అంటారు. అంచు ఒక పక్క దెబ్బతింటే గాలి ఆ పక్కనుంచి ముందే తప్పించుకుని పెల్లెట్‌ను పక్కకు నెడుతుంది. దూదిని అంచు మీద తిప్పితే పోగులు చిక్కుకున్న చోట గరుకు ఉన్నట్టే. బ్యారెల్ పైభాగం, లోపలి రంధ్రం ఒకే మధ్యలో ఉండకపోవచ్చు. అందుకే మెకానిక్ డయల్ గేజ్‌తో రంధ్రాన్ని చూసి సెంటర్ చేయాలి. కొన్ని బ్యారెళ్లు మూతి దగ్గర కాస్త ఇరుకుగా ఉంటాయి. దీన్ని చోక్ అంటారు. అలాంటి దాన్ని పొట్టిగా కోస్తే చోక్ పోతుంది, గురి ఇంకా చెడుతుంది.

చట్టం ఏమంటోంది?

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల లోపు రంధ్రం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. రంధ్రం పెద్దది చేయిస్తే ఆ మినహాయింపు పోతుంది. అప్పుడు యజమానితో పాటు డ్రిల్ పట్టిన మెకానిక్ కూడా 1959 ఆయుధ చట్టం కింద చిక్కుల్లో పడతాడు. నాలుగు రూపాయల కూలీ కోసం దుకాణం మూసుకోవాల్సి రావొచ్చు. ఇక కవ్వాల్ అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఎయిర్ గన్ తీసుకెళ్లడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ముందు ఇవి చూడండి

పివట్ బోల్టు, స్టాక్ స్క్రూలు లూజ్ అయ్యాయా? ఓ-రింగ్ అరిగిందా? బ్యారెల్‌లో సీసం పేరుకుందా? మూతి నుంచి కాక, వీలైతే బ్రీచ్ వైపు నుంచి మెత్తటి గుడ్డ లాగి శుభ్రం చేయండి. ఇనుప బ్రష్ వద్దు. స్ప్రింగ్ గన్‌లో నూనె ఎక్కువ పోస్తే ఒత్తిడికి లోపలే మండుతుంది. పెల్లెట్ బ్రాండ్ మార్చి కూడా చూడండి. ఇవన్నీ అయ్యాకే లేత్ సంగతి ఆలోచించాలి.