జగిత్యాల ఖిల్లా, కోరుట్ల మెట్లబావి.. పాత కట్టడాలతో పట్టణాలకు కొత్త కళ వస్తుందా?

జగిత్యాలలో 1747 నాటి ఖిల్లా, కోరుట్లలో పురాతన మెట్లబావి.. వీటిని బాగుచేసి జనం వాడుకలోకి తెస్తే చుట్టుపక్కల వ్యాపారాలకూ ఊపు వస్తుంది. అంతేకానీ, రంగులేసి గేటుకు తాళం పెడితే లాభం లేదు.

ఖిల్లా ప్రత్యేకత ఏంటి?
నిజాం పాలనలో జఫరుద్దౌలా ఈ కోటను కట్టించారు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం దీని ప్రత్యేకత. కోటకు రూపమిచ్చిన ఫ్రెంచ్ ఇంజినీర్లు జాక్, టాల్ పేర్ల మీదుగానే ఊరికి జగిత్యాల అనే పేరొచ్చిందని చెబుతుంటారు.

బాగుచేస్తే ఏమైంది?
సిరిసిల్లకు పొరుగున ఉన్న కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోటను సంస్థానాధీశుల వారసులే బాగుచేయించారు. 2022లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ మెరిట్ అవార్డు దక్కింది. ఇక హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహీ మార్కెట్ మరమ్మతుల తర్వాత 2020 ఆగస్టులో మళ్లీ తెరుచుకుంది. ఐస్‌క్రీమ్ దుకాణాలు అక్కడే నడుస్తున్నాయి కాబట్టే జనం వస్తున్నారు.

సిమెంటు ఎందుకు వద్దు?
పాత గోడలకు వాడింది డంగు సున్నం. అది తేమను బయటకు వదులుతుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, గోడ పెచ్చులూడుతుంది.

ముందుగా ఏం చేయాలి?
* గోడల్లో మొలిచిన చెట్లను వేళ్లతో సహా తీసేయాలి.
* వాన నీళ్లు నిలవకుండా దారి చేయాలి.
* రక్షిత కట్టడమైతే 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.
* సిరిసిల్ల చీరల స్టాళ్లు, వారాంతపు అంగడి లాంటి రోజువారీ వాడకాన్ని ముందే ఖరారు చేసుకోవాలి.

ఈ చివరిది తేలకపోతే, బాగుచేసిన కట్టడం మళ్లీ పాడుబడటం ఖాయం.