ఆంధ్రదేశమున బాలల నాట్యశిక్షణము

నాటి నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలు పేరు వినగానే మనవారికి తిరుపతమ్మ తిరునాళ్లు స్ఫురించును. ఆ గ్రామమున 1889లో జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పేరు చెప్పినచో చీరాల–పేరాల ఉద్యమము, రామదండు జ్ఞప్తికి వచ్చును. ఆయనయే ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించెననియు, 1917లో దానిని అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరనియు ఎరిగినవారు అరుదు. మెట్టసీమ బిడ్డ యొకడు మన నాట్యశాస్త్రమును పాశ్చాత్యుల చేతికందించిన ఆ సంవత్సరముననే, నందిగామలోగాని జగ్గయ్యపేటలోగాని మర్యాదగల గృహస్థు డెవడును తన కూతురి కాలికి గజ్జె కట్టించుటకు సాహసించి యుండడు. ఈ వైరుధ్యము ఎట్లు కలిగినది, ఎట్లు తొలగినది, తొలగిన పిదప బిడ్డకు నిజముగా దక్కిన దేమి యని విచారించుటయే నా ఉద్దేశము.

నర్తకిని మన శాస్త్రకారులు పాత్ర యందురు. అభినయదర్పణమున పాత్రకు ఉండవలసిన గుణములు చెప్పి, పిదప విడువవలసిన పదిరకముల స్త్రీలను పేర్కొనిరి. కంట పువ్వు వేసినది, జుట్టు పలుచనిది, పెదవులు లావైనది, మిక్కిలి స్థూలమైనది, మిక్కిలి కృశించినది, మిక్కిలి పొడవైనది, మిక్కిలి పొట్టిది, గూనిది, గొంతు లేనిది మున్నగువారు రంగమునకు పనికిరారట. నేటి ఎన్నికపరీక్షలకు ఇదియే తాతముత్తాతల నాటి మూలమనవచ్చును. పట్టికనంతయు చదివినపుడు నా కొక్క సంగతి తోచినది. కన్నులు, కేశములు, కంఠస్వరము అన్నియు పరీక్షింపబడినవి. ఆ పిల్లకు ఇష్టమున్నదా యను ప్రశ్న మాత్రము ఎక్కడను లేదు. కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 1253–54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలోను సభానాయకుడెట్లు కూర్చుండవలెను, గాయకుడెట్టివాడు కావలెను, నర్తకి నెట్లు సత్కరింపవలెను అని సవిస్తరముగా నున్నది. శాస్త్రము చూచినది సభవైపు నుండి.

శాస్త్రమట్లుండగా ఆచారమున బిడ్డను ఈ విద్యలో ప్రవేశపెట్టిన గృహములు మన సీమలో ముఖ్యముగా రెండు. మొదటిది కళావంతుల గృహము. అచట ఆడపిల్లకు పసితనముననే అడుగులు, సంగీతము, సాహిత్యము నేర్పెడివారు. ఇతర గృహములలో స్త్రీకి అక్షరమే నిషిద్ధమైన దినములలో ఈ గృహములలో స్త్రీలు క్షేత్రయ్య పదములకు అర్థము విడమరచి చెప్పగలవారుగా నుండిరి. తల్లియు అమ్మమ్మయు దగ్గర నుండి దిద్దిన శిక్షణమది. కాని ఆ శిక్షణమునకు ఫలము ముందే నిర్ణీతము. గజ్జెపూజ జరిగిన పిల్లకు వివాహము లేదు. ఆమె జీవనము దేవాలయము, జమీందారు, ధనికుడు అను మూడు వాకిళ్ల నడుమనే.

రెండవది కృష్ణా డెల్టాలోని కూచిపూడి భాగవతుల గృహము. అచట నేర్చినది మగపిల్లవాడు. ఆ గ్రామమున పుట్టిన ప్రతి బాలుడును ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి ప్రమాణము చేయించెనని పరంపరగా చెప్పుదురు. గురువు తండ్రియో పినతండ్రియో; రంగస్థలము ఊరి వీధి. వేరుగా వెచ్చము లేదు, ప్రయాణము లేదు. ఈ పద్ధతి ఫలించలేదనుట అసత్యము. 1935లో పుట్టిన వేదాంతం సత్యనారాయణశర్మగారు స్త్రీవేషములతోనే దేశఖ్యాతి గడించి 1970లో పద్మశ్రీ నందిరి. అయినను పుట్టుకకు ముందే జరిగిన ప్రమాణమునకు బాలుడు కట్టుబడుట, దాని పక్కనే నివసించు అతని చెల్లెలు ఇరువదవ శతాబ్ది వరకు గజ్జె ముట్టకుండుట, ఈ రెండును ఒకే త్రాటికి రెండు కొనలు.

సంస్కర్తలు ఖండించినది కళావంతుల ఆచారమును. వీరేశలింగముగారు 1874లో స్థాపించిన వివేకవర్ధనిలో భోగముమేళములపై చేసిన ఖండనము మనకందరకు తెలిసినదే. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ అంకితమును నిషేధించుటయే గాక, ఆలయ ప్రాంగణములలోను దేవుని ఊరేగింపులలోను స్త్రీలు నాట్యమాడుటను కూడ నిషేధించినది. బాలికను అంకితమిచ్చుట మాన్పుట న్యాయమే; అందులో నాకు సందేహము లేదు. అయితే ఆ విద్యను కంఠగతముగా నిలిపిన వృద్ధస్త్రీలకు జీవనమేమని ఆలోచించిన సంస్కర్తలు మిక్కిలి తక్కువ. ఉపాధ్యాయుని పదవి తీసివేసి పాఠ్యపుస్తకమును మాత్రము దాచుకొన్నట్లయినది. తరువాతి కాలమున నటరాజ రామకృష్ణగారు (1923–2011) అట్టి వృద్ధుల వద్దకు పోయి నేర్చి, దానికి ఆంధ్రనాట్యమని పేరిడకున్నచో అదియు నశించెడిదే.

బిడ్డ శరీరమును పరుల వేడుకకు అప్పగించుట మనదేశమునకే పరిమితము కాదు. పారిసు నగరపు ఒపేరాలో నాట్యపాఠశాల 1713లోనే స్థాపితమైనది. పందొమ్మిదవ శతాబ్దమున అచట చేరిన బాలికలు పెక్కండ్రు బీదల బిడ్డలు. 1881లో డెగా యను చిత్రకారుడు ప్రదర్శించిన పదునాలుగేండ్ల నర్తకి ప్రతిమకు నమూనాగా నిలిచిన మరీ వాన్ గోతెమ్, బట్టలుతికి జీవించు వితంతువు కూతురు. మరుసటి ఏడే పాఠములకు రాకపోవుటచే ఆమెను తొలగించిరి. అదే 1881లో రుష్యాదేశమున జన్మించిన అన్నా పావ్లోవా తల్లియు బట్టలుతికి జీవించినదే. ఆ పిల్ల ఒక బ్యాలే ప్రదర్శనము చూచి తానును అట్లు ఆడెదనని పట్టుపట్టగా తల్లి ఆమెను రాజకీయ నాట్యపాఠశాలకు తీసికొనిపోయెను. మొదట చిన్నదని త్రిప్పి పంపిరి. 1891లో మరల తీసికొనిపోగా చేర్చుకొనిరి. చేరిన పిదప వసతియు భోజనమును ప్రభుత్వమువే. ఇద్దరు తల్లుల వృత్తి ఒకటే. ఒక బిడ్డ భారమును ప్రభుత్వము వహించినది, మరియొక బిడ్డ తన ఇంటి భారమును తాను మోసినది.

ఈ పావ్లోవాయే 1928లో పరిచయమైన రుక్మిణీదేవిని స్వదేశ నాట్యమువైపు మరలించినది. రుక్మిణీదేవి 1935లో రంగమెక్కుట, మరుసటి సంవత్సరము కళాక్షేత్రము స్థాపించుట గృహస్థుల కూతుండ్రకు త్రోవ తెరచినవి. మన వైపున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు కూచిపూడి హద్దు దాటి స్త్రీలకు నేర్పిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పిరి. అడ్డు తొలగినది. 2010 డిసెంబరులో హైదరాబాదున 2,800 మందికి పైగా కలిసి యొకేసారి ఆడిరనిన, గజ్జె ఎన్ని ఇండ్లలో ప్రవేశించినదో ఊహింపవచ్చును. అట్టి సామూహిక ప్రదర్శనములలో కళయెంత, లెక్కయెంత యని నేను అడుగను. అడిగిన మా ఊరివారు నన్ను రసహీనుడందురు.

నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి, కూచిపూడి కృష్ణాజిల్లాలోనే నిలిచినది. మెట్టవారికి ఆ గ్రామము ఎప్పుడును బెజవాడ ఆవలి సంగతియే. కొంత ఎదిగిన పిల్ల పెద్ద గురువు వద్దకుగాని, ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకుగాని పోవలెనన్న బెజవాడ బస్సెక్కవలసినదే. పూర్వము మేళము, దేవాలయము, జమీందారు పంచుకొన్న వ్యయమంతయు ఇప్పుడు ఒక్క తండ్రి జీతము మీద పడినది: గురుదక్షిణ, పట్టుదుస్తులు, నగలు, రంగప్రవేశము నాటి మృదంగమును వయొలినును, సభాభవనపు అద్దె. ఢిల్లీలోని సాంస్కృతిక వనరుల శిక్షణకేంద్రము 1982 నుండి పది మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు పరీక్షించి వేతనములిచ్చుచున్నది. అది మంచిదే, కాని ఎన్నికైన కొందరికే అది అందును.

వ్యయము పెరిగినకొలది తొందరయు పెరుగుచున్నది. పళ్లెరపు అంచుపై నిలిచి ఆడు తరంగమునకు కాళ్లు పండవలెను. ఏడాది తిరుగకముందే దానిని చూపుమని గురువును వేధించు తల్లిదండ్రులున్నారు. ఐరోపాలో బ్యాలే బాలికలకు మునివ్రేళ్లపై నిలుచు జోళ్లను సాధారణముగా పదునొకండు, పండ్రెండేండ్లకు ముందు తొడుగరు. ఎముక ముదురవలెనని వారి నియమము. మన పిల్లలు సిమెంటు నేలపై అడవులు కొట్టి మోకాళ్లు పట్టుకొని సోమవారము బడికి వచ్చుట నేను చూచుచున్నాను.

పెక్కు ఇండ్లలో అప్పు పుట్టునది రంగప్రవేశమునకే. అప్పు చేసిన పిదప పిల్ల మానెదనన్నను ఎవరును వినరు. ఆ ప్రశ్న అంతకు ముందే, పిల్లకు పదియేండ్లు నిండినపుడు, గురువు లేని వేళ, ఇంటిలో అడుగవలసినది. మానెదనన్నచో గజ్జెలను నూనెగుడ్డతో తుడిచి చెల్లెలికై దాచవచ్చును. కొనసాగించెదనన్నచో ముందుగా కొనవలసినది నగలు కాదు. గదిలో పరచుటకు కొయ్యపలకలు.