గొంతు ఒకరిది, కాగితం ఇంకొకరిది

అమెరికా నల్లజాతి హిప్‌హాప్ బృందం వు-టాంగ్ క్లాన్ మీద సాషా జెన్‌కిన్స్ 2019లో నాలుగు భాగాల డాక్యుమెంటరీ తీశాడు. పేరు 'ఆఫ్ మైక్స్ అండ్ మెన్'. దాన్ని చూసిన అభిమానుల మధ్య ఒక తగువు తెగడం లేదు. బృందాన్ని కట్టిన రిజ్జా అందర్నీ పైకి తెచ్చిన నాయకుడా, అందరి సొమ్మూ గుప్పిట్లో పెట్టుకున్న యజమానా? కొందరు నాయకుడంటారు, కొందరు దొంగంటారు. సినిమా హీరోల అభిమానుల మధ్య పెరిగిన మనకు ఈ తీరు కొత్తేమీ కాదు. అయితే తగువు మనుషుల గుణగణాల దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న మరుగున పడిపోతుందని మా వాదన. వాడలో పుట్టిన పాట మీద హక్కు కాగితం ఎవరి చేతిలో వుంది? ఆ పాట చరిత్రను ఎవరు చెప్తున్నారు? ఇదీ అడగాల్సింది.

దళిత చరిత్ర రాసుకునే చోట నల్లవాళ్ల పాట ఎందుకని కొందరు అడగొచ్చు. ఫూలే 1873లో 'గులాంగిరి'ని నల్లవాళ్ల బానిసత్వం రద్దుకోసం పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత పాంథర్లయ్యారు. అంటే ఈ చుట్టరికం మనం ఇవ్వాళ కలుపుకున్నది కాదు. కాకపోతే వాళ్ల దగ్గర్నుంచి మనం తెచ్చుకున్నది ఎక్కువగా వాళ్ల కోపం, వాళ్ల ధైర్యం. డబ్బు దగ్గర, ఒప్పందాల దగ్గర వాళ్లెట్లా దెబ్బతిన్నారో, ఎట్లా తిప్పికొట్టారో అంతగా పట్టించుకోలేదు.

ముందు ఆ చోటు సంగతి. న్యూయార్క్ నగరానికి అయిదు భాగాలున్నాయి. అందులో స్టాటెన్ ఐలాండ్ ఒక దీవి. అక్కడ తెల్లవాళ్లే ఎక్కువ. నగరం చెత్తను తెచ్చి పోసిన ఫ్రెష్ కిల్స్ డంపింగు యార్డు 1948 నుంచి 2001 దాకా ఆ దీవిలోనే నడిచింది. అదే దీవిలో పార్క్ హిల్, స్టేపుల్టన్ అనే బహుళ అంతస్తుల కాలనీల్లో నల్లవాళ్లు బతికారు. 1993 నవంబర్ 2న దీవి జనం న్యూయార్క్ నుంచి విడిపోదామా అని ఓటేస్తే దాదాపు 65 శాతం విడిపోదామన్నారు. సరిగ్గా వారానికి, నవంబర్ 9న, వు-టాంగ్ క్లాన్ మొదటి ఆల్బమ్ బజారులోకొచ్చింది. దీవిలో ఎక్కువమంది నగరాన్ని వొద్దనుకుంటున్న వారంలోనే, ఆ దీవికి కూడా అంటరానివాళ్లయిన పిల్లలు నగరాన్నంతా తమ గొంతు వినేట్టు చేశారన్నమాట. 1994 ఏప్రిల్‌లో ఇదే పార్క్ హిల్‌లో ఎర్నెస్ట్ సేయన్ అనే యువకుడు పోలీసులు పట్టుకున్నప్పుడు చనిపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 2014 జూలై 17న, ఎరిక్ గార్నర్‌ను పోలీసు మెడపట్టి చంపింది కూడా ఈ దీవిలోనే. జూలై 17 మనకు 1985 నాటి కారంచేడు తేదీ.

ఇట్లాంటి చోటుకు వాళ్లు పెట్టుకున్న పేరు షావోలిన్. నలభై రెండో వీధి చవక థియేటర్లలో హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాలు చూసి ఎత్తుకొచ్చిన పేరది. మొదటి ఆల్బమ్ పేరు కూడా 1978 నాటి 'షావోలిన్ 36వ గది' సినిమా నుంచి వచ్చిందే. ఆ సినిమాలో రాజ్యం చేత దెబ్బతిన్న కుర్రాడు మఠంలో చేరి, ఒక్కో గదీ దాటుతూ విద్య నేర్చుకుంటాడు. విద్య దక్కనివాళ్లకు ఆ కథ ఎందుకు పట్టిందో మనకొకరు చెప్పాలా? తమ పేర్లు కూడా మార్చుకున్నారు. రాబర్ట్ డిగ్స్ రిజ్జా అయ్యాడు, గ్యారీ గ్రైస్ జిజ్జా అయ్యాడు. దీని వెనక 1964లో హార్లెంలో మొదలైన ఫైవ్ పర్సెంటర్ల బోధన వుంది. నల్లవాడే దేవుడని చెప్పే బోధన అది. ఊరు పెట్టిన పేరును తీసేసుకుని సొంత పేరు పెట్టుకోవడమంటే ఏమిటో మన వాడల్లో అందరికీ తెలిసిన సంగతే.

ఓల్ డర్టీ బాస్టర్డ్ అని పేరు పెట్టుకున్న రస్సెల్ జోన్స్ సంగతి చూద్దాం. 1995లో తన సొంత ఆల్బమ్ అట్ట మీద ప్రభుత్వ సాయం తీసుకునే తన కార్డునే బొమ్మగా వేశాడు. మన లెక్కలో రేషన్ కార్డన్నమాట. అదే ఏడు టీవీ కెమెరా ముందు పొడుగాటి కారులో పోయి ఆ సాయం తెచ్చుకున్నాడు. అభిమానులు దాన్ని తమాషాగా చెప్పుకుంటారు. కానీ ఏడాది తిరక్కుండా, 1996లో, పేదల సాయాన్ని కోసేసే చట్టం వచ్చింది. నల్లవాళ్లు సర్కారు సొమ్ము ఊరికే తింటున్నారనే ప్రచారం ఆ రోజుల్లో జోరుగా సాగుతోంది. మన దగ్గర రిజర్వేషన్ల మీద పడి ఏడ్చే నోళ్లకూ ఆ నోళ్లకూ తేడా లేదు. సిగ్గుపడమని లోకం ఇచ్చిన కార్డును అతను సిగ్గుపడకుండా అట్ట మీద వేశాడు. 2004 నవంబర్ 13న, 36 ఏళ్లు నిండడానికి రెండు రోజుల ముందు, మత్తు మందుల వల్ల రికార్డింగు స్టూడియోలోనే చనిపోయాడు. ధిక్కారం ఒక్కటే మనిషిని నిలబెట్టదని కూడా ఈ చరిత్రే చెప్తోంది.

ఇప్పుడు కాగితం దగ్గరికొద్దాం. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1923లో కొలంబియా కంపెనీతో ఒప్పందం చేసుకుంటే అందులోంచి రాయల్టీ షరతు కొట్టేశారు. పాటకు 125 డాలర్లు చేతిలో పెట్టారు, అంతే. అమ్మకాలు ఎంత పెరిగినా ఆమె వాటా పెరగలేదు. నల్లవాళ్ల సంగీతం పొడుగునా జరిగింది చాలామట్టుకు ఇదే. డెబ్బయ్ ఏళ్ల తర్వాత రిజ్జా, జిజ్జా ఇద్దరూ 1991లో విడివిడిగా కంపెనీల్లో చేరి దెబ్బతిన్నారు. ఆ దెబ్బ నుంచే కొత్త ఎత్తు పుట్టింది. 1992లో మొదటి పాటను తామే అచ్చేయించి అమ్ముకున్నారు. తర్వాత లౌడ్ కంపెనీతో ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. బృందం మాత్రమే లౌడ్‌ది. సభ్యులు ఎవరికి వాళ్లు ఏ కంపెనీకైనా పాడుకోవచ్చు. మెథడ్ మ్యాన్ డెఫ్ జామ్‌కు పోయాడు, ఓల్ డర్టీ ఎలెక్ట్రాకు, జిజ్జా గెఫెన్‌కు. ఒకే కంపెనీకి కట్టుబానిసలుగా పోవాల్సిన తొమ్మిదిమంది అన్ని కంపెనీల్లోకీ పోయి తమ బృందం పేరునే పెంచారు. నల్లవాళ్ల సంగీత చరిత్రలో ఇది చిన్న గెలుపు కాదు.

అయితే కంపెనీతో కాగితం గట్టిగా రాసుకున్న వాళ్లు, లోపల ఒకరితో ఒకరు దేని మీద నిలబడ్డారు? మాట మీద. అయిదేళ్లు నా చేతికి పగ్గాలివ్వండి, మిమ్మల్ని మొదటి స్థానంలో నిలబెడతానని రిజ్జా అడిగాడు, మిగతావాళ్లు సరేనన్నారు. 1997లో రెండో ఆల్బమ్ అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది కూడా. అన్న మాట నిజమైంది. కానీ అయిదేళ్లు నిండాక లెక్కలు? పేరు మీద హక్కు, రాయల్టీల మీద హక్కు సంస్థ దగ్గరున్నాయి, సంస్థ రిజ్జాది, వాళ్లన్నది. 2016లో యూ-గాడ్ తనకు రావలసిన సొమ్ముకోసం కోర్టుకెక్కాడు. 2022లో ఓల్ డర్టీ తరఫున అతని భార్య కూడా కోర్టుకెక్కింది.

ఇక్కడ అభిమానులు తీర్పులు చెప్తారు. మేము తీర్పు చెప్పడం లేదు. రిజ్జా మంచివాడైనా చెడ్డవాడైనా, పగ్గాలన్నీ ఒక చేతిలో పెట్టి లెక్క అడిగే ఏర్పాటు లేకుండా చేసుకున్న సంఘంలో చివరికి జరిగేది ఇదే. అన్నదమ్ముల్లాంటి వాళ్లం, మన మధ్య లెక్కలేమిటి అనే మాట వినడానికి బాగుంటుంది. ఆ మాట వల్ల నష్టపోయేది ఎప్పుడూ పగ్గాలు లేనివాడే.

ఇంకో సంగతి చూడండి. ఒకే ఒక్క కాపీగా చేసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ షావోలిన్' ఆల్బమ్ 2015లో 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కొన్నది ఎవరు? ఎయిడ్స్ రోగులకు కూడా వాడే ఒక మందు మాత్ర ధరను 13.50 డాలర్ల నుంచి 750 డాలర్లకు పెంచిన మార్టిన్ ష్క్రెలీ. మోసం కేసులో అతను జైలుకు పోతే 2018లో ప్రభుత్వం ఆ ఆల్బమ్‌ను జప్తు చేసుకుని 2021లో అమ్మేసింది. పార్క్ హిల్ మెట్ల మీద పుట్టిన పాట చివరికి పార్క్ హిల్ పిల్లలు వినలేని సొత్తయింది. ఈ అమ్మకం తీరు ముందుగా తమకు తెలియదని బృందంలోనే కొందరు బాహాటంగా అన్నారు.

కాబట్టి జెన్‌కిన్స్ పనిని మేము సినిమాగా కంటే చరిత్ర రచనగా చూస్తున్నాం. 2025లో చనిపోయిన ఈ దర్శకుడు బయటివాడు కాదు, హిప్‌హాప్ పత్రికలు నడిపినవాడు. బృందం సభ్యులను థియేటర్లో కూర్చోబెట్టి వాళ్ల పాత దృశ్యాలు వాళ్లకే చూపించాడు. ఒకే సంఘటనను ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తే ఆ తేడాలను చెరిపేయలేదు. అదే 2019లో మొదలై 2023 దాకా నడిచిన నాటక ధారావాహిక ఇంకోటుంది. దాన్ని కట్టినవాళ్లలో రిజ్జా ఒకడు, కథ ఎక్కువగా అతని చుట్టూనే తిరుగుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాయకుడు చెప్పిన చరిత్రకూ, అందరూ చెప్పిన చరిత్రకూ వున్న తేడా విద్యార్థులకు వెంటనే తెలుస్తుంది. ఈ పాటల్లో ఆడవాళ్ల గురించి వాడిన మాటల మీద కూడా చర్చ జరగాలి. అభిమానులు దాన్ని దాటేస్తే మనం దాటేయక్కర్లేదు.

కారంచేడు, చుండూరు తర్వాత మన వాడల్లో ఎన్ని పాటలు పుట్టాయి! ఎన్ని డప్పులు మోగాయి! అవి సభల్లో పాడారు, కేసెట్లకెక్కించారు. కట్టినవాళ్ల పేర్లు ఎన్ని కేసెట్ల మీదున్నాయి? పాట ఉద్యమానిదని చెప్పి కట్టిన మనిషిని, గొంతు కలిపిన ఆడమనిషిని మరిచిపోవడం ఉద్యమ సంస్కారం కాదు. ఆ తరం పెద్దవాళ్లవుతున్నారు. ఏ పాట ఎవరు కట్టారు, ఎక్కడ మొదట పాడారు, డబ్బు వస్తే ఎవరికి పోయింది అన్న సంగతులు వాళ్లనే అడిగి రాసుకోవాలి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయాలి. నాయకుడు చెప్పింది ఒక్కటే రాసి ఊరుకోకూడదు.

2019 మేలో పార్క్ హిల్‌లో ఒక కూడలికి వు-టాంగ్ క్లాన్ పేరు పెట్టారు. వెలివాడలాంటి ఆ చోట బోర్డు మీద వాళ్ల పేరు నిలవడం గెలుపే, కాదనం. బోర్డు మీద పేరుతో పాటు లెక్క పుస్తకంలో కూడా ప్రతి ఒక్కరి పేరూ వుండాలి.