నయం కాని తల్లికే మా మొక్కులు

జెలీ గెరిన్ లేసు కుట్టి బతికిన మనిషి. ఆమె గురించి రాసేవాళ్ళు ఎక్కువగా భక్తితో మొదలుపెడతారు. నేను ఆమె చేసిన పనితో మొదలుపెడతాను. నరసాపురం దగ్గర లేసు అల్లే ఇంట్లో పుట్టినదాన్ని మరి. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక మా అమ్మ నూలు ఉండ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది, పొద్దు వాలేదాకా క్రోషా సూదితో పువ్వులు అల్లేది. ఏజెంటు వచ్చి లెక్క చూసుకుని పట్టుకుపోయేవాడు. ఆ పువ్వులన్నీ ఎవరు కలిపేవారో, ఏ దేశానికి వెళ్ళేవో అమ్మకు తెలియదు.

ఫ్రాన్సులో నార్మండీ వైపు అలాన్సోన్ అనే పట్టణం ఉంది. అక్కడి లేసు క్రోషా కాదు, సన్న సూదితో కుట్టేది. చదరపు సెంటీమీటరు కుట్టడానికి ఏడు గంటలు పడుతుంది. 2010లో యునెస్కో ఆ పనితనాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్కొక్క ఆడమనిషికి ఒక్కొక్క రకం కుట్టు వచ్చి ఉంటుంది. వాళ్ళు ఇళ్ళలో కూర్చుని ముక్కలు ముక్కలుగా కుడతారు. ఆ ముక్కలను అతుకు కనపడకుండా కలపడమే అన్నిటికన్నా కష్టం. జెలీ చేసింది ఆ పని. ఇరవై రెండేళ్ళు నిండకముందే సొంతంగా వ్యాపారం పెట్టుకుంది. పనివాళ్ళు గురువారం ఆమె ఇంటికి వచ్చి కుట్టినది ఇచ్చి, కొత్త పని తీసుకుని వెళ్ళేవారు. వాళ్ళకు జబ్బు చేస్తే ఆదివారం సాయంత్రప్రార్థన అయ్యాక ఇళ్ళకు వెళ్ళి చూసి వచ్చేదని ఆమె కూతుళ్ళు చెప్పుకున్నారు.

ఆమె 1831 డిసెంబరు 23న పుట్టింది. అలాన్సోన్ ఆసుపత్రిలో సేవ చేసే కన్యస్త్రీల సభలో చేరాలని వెళ్తే, నీకు పిలుపు లేదని అక్కడి పెద్దమ్మ తిప్పి పంపింది. లూయీ మార్టిన్ 1823 ఆగస్టు 22న బోర్డోలో పుట్టాడు, గడియారాలు బాగుచేసేవాడు. అతనికీ అదే అయింది. ఆల్ప్స్ కొండల మీది సెయింట్ బెర్నార్డ్ మఠానికి వెళ్తే, లాటిన్ నేర్చుకుని రమ్మన్నారు. లాటిన్ అబ్బలేదు. మఠం వద్దన్న ఈ ఇద్దరూ అలాన్సోన్‌లో ఒక వంతెన మీద ఎదురుపడ్డారు. మూడు నెలలకు, 1858 జూలై 13 అర్ధరాత్రి, నోత్రదామ్ గుడిలో వాళ్ళ జ్ఞానవివాహం జరిగింది. ఆ ఏడాదే ఫ్రాన్సుకు దక్షిణం కొసన లూర్దులో బెర్నదెత్ అనే పిల్లకు మరియతల్లి దర్శనాలు జరుగుతున్నాయి. ఈ పెళ్ళయిన మూడో నాడే, జూలై 16న, ఆఖరి దర్శనం. లూర్దు పేరు జెలీ కథలో మళ్ళీ వస్తుంది.

పెళ్ళయ్యాక సుమారు పది నెలలు వాళ్ళు అన్నాచెల్లెళ్ళలా ఉన్నారు. ఒక గురువు నచ్చచెప్పాక మనసు మార్చుకున్నారు. ఈ వివరాన్ని దాటేసే పుస్తకాలు చూశాను. దాటేయాల్సింది కాదు. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటూ పవిత్రంగా బతకడమంటే దాంపత్యం వదులుకోవడమేనని చాలా శతాబ్దాలు శ్రీసభలో ఒక ఆలోచన పాతుకుపోయింది. జర్మన్ చక్రవర్తి రెండో హెన్రీకి 1146లో, ఆయన రాణి కునిగుండకు 1200లో పునీత పట్టం ఇచ్చారు. భార్యాభర్తల పట్టాలకు మధ్య యాభై నాలుగేళ్ళ ఎడం. ఇద్దరూ బ్రహ్మచర్యం పాటించారన్న పేరే వాళ్ళకు గౌరవం తెచ్చింది. మార్టిన్ దంపతులు కూడా ఆ దారినే మొదలుపెట్టి వెనక్కి తిరిగారు. తొమ్మిదిమంది పిల్లలను కన్నారు. నన్నడిగితే వాళ్ళ పవిత్రత అక్కడి నుంచే మొదలైంది.

ఆ తొమ్మిదిమందిలో నలుగురు చిన్నప్పుడే పోయారు. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరికీ జోసెఫ్ అనే పేరు పెట్టుకున్నారు, ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. ఎలెన్ ఐదేళ్ళది. మెలనీ తెరేజా అనే పసిగుడ్డును పాలిచ్చే ఆయా దగ్గర పెడితే, ఆమె సరిగా పాలివ్వక ఆకలితో చనిపోయింది. నర్సుగా ఈ మాట రాస్తుంటే నా చెయ్యి ఆగిపోతుంది. జెలీ ఉత్తరాలు రెండు వందలకు పైగా దొరికాయి. వాటిలో పిల్లల జ్వరాలు, విరేచనాలు, కురుపులు, మందులు, డాక్టర్లు. లిజియూలో మందుల దుకాణం పెట్టుకున్న తమ్ముడు ఇసిదోర్‌కు రాసినవే చాలా. ఒక పక్క నవదిన ప్రార్థనలు, ఇంకో పక్క తమ్ముడి సలహా. ఆ ఇంట్లో ఈ రెండింటికీ తగువు లేదు.

ఎలెన్‌కు చెవిలో చీము కారేది. డాక్టరు మందు పనిచేయలేదు. అప్పుడు జెలీ తన చనిపోయిన కొడుకు చిన్న జోసెఫ్‌ను తలుచుకుని, అక్క చెవి నయం చేయమని అడిగింది. చెవి బాగైందని రాసుకుంది. తల్లి తన పసివాడికే మొక్కడం! మా ఊళ్ళో ఆడవాళ్ళకు ఇది వింతగా ఉండదు. పోయిన బిడ్డ దేవుడి దగ్గర ఉన్నాడన్న నమ్మకంతో దీపం పెట్టే తల్లులు మాకు తెలుసు.

1873 జనవరి 2న ఆఖరి కూతురు పుట్టింది. మనం చిన్న తెరేజమ్మ అని పిలుచుకునే పునీతురాలు ఆ పిల్లే. రెండు నెలలకే పేగుల జబ్బుతో బిడ్డ ఎండిపోసాగింది. జెలీకి పాలు లేవు. భర్త ఊళ్ళో లేడు. తెల్లవారకముందే లేచి ఒంటరిగా సెమల్లే అనే పల్లెకు నడిచి వెళ్ళి, రోజ్ తాయె అనే రైతుభార్యను పిలుచుకొచ్చింది. ఆమె బిడ్డను చూసి, ఇక లాభం లేదన్నట్టు తల ఊపింది. జెలీ మేడ మీదికి వెళ్ళి మరియతల్లి భర్త జోజప్ప గారి స్వరూపం ముందు మోకరించి ఏడ్చింది. కిందికి దిగేసరికి బిడ్డ ఆబగా పాలు తాగుతోంది. తాగి తాగి ఒక్కసారిగా వాలిపోయింది, ఊపిరి ఉన్నట్టే అనిపించలేదు. చచ్చిపోయిందనుకుని తల్లి దేవుడికి దండం పెట్టుకుంది. కాసేపటికి బిడ్డ కళ్ళు తెరిచి నవ్వింది. ఏడాదికి పైగా రోజ్ ఇంట్లో, పల్లె గాలిలో పెరిగి ఆ పిల్ల గట్టిపడింది. జోజప్ప కాపాడాడు అంటాను. రోజ్ పాలు కాపాడాయి అని కూడా అంటాను.

జెలీకి పాలు ఎందుకు లేవు? 1865లోనే తమ్ముడికి రాసిన ఉత్తరంలో రొమ్ములో గడ్డ బాధపెడుతోందని చెప్పింది. ఆపరేషన్ అవసరమైతే సిద్ధమేననీ, ఇక్కడి డాక్టర్ల మీద అంత గురి లేదనీ రాసింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఎవరూ ఆ గడ్డను ముట్టుకోలేదు. విజయవాడలో ఏళ్ళ తరబడి క్యాన్సర్ వార్డులో చేసినదాన్ని. ఆ పదకొండేళ్ళను నేను తేలిగ్గా దాటలేను. ఇంటిపని, వ్యాపారం, పిల్లలు, పురుళ్ళు. తన ఒంటిని చూసుకునే వంతు ఆమెకు ఆఖరున వచ్చింది. మా వార్డుకు గడ్డ పెద్దదయ్యాక వచ్చే ఆడవాళ్ళు చెప్పే కారణాలూ ఇవే.

1876 డిసెంబరులో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మందు చీటీ రాసిచ్చాడు. దీనివల్ల ఏమవుతుందని ఆమె సూటిగా అడిగింది. ఏమీ కాదు, రోగుల తృప్తి కోసం రాస్తామని ఆయన ఒప్పుకున్నాడు. ఆమె లిజియూ వెళ్ళి మరో శస్త్రవైద్యుణ్ణి కలిసింది. ఆపరేషన్‌కు కాలం మించిపోయిందన్నాడు. అప్పుడిక లూర్దు. 1877 జూన్‌లో పెద్ద కూతుళ్ళు ముగ్గురినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. రైలు ప్రయాణం ఒళ్ళు హూనం చేసింది. చల్లటి నీటి తొట్టిలో నాలుగుసార్లు మునిగింది. నయం కాలేదు. ఇంట్లో లూయీ మంచి కబురు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె మాత్రం కోరిక తీరినంత హుషారుగా తిరిగొచ్చిందని అందరూ ఆశ్చర్యపోయారు. ఆగస్టు 28న, నలభై ఐదేళ్ళ వయసులో ఆమె చనిపోయింది. తెరేజమ్మకు అప్పటికి నాలుగున్నరేళ్ళు.

బతికిన ఐదుగురు కూతుళ్ళూ కన్యస్త్రీలయ్యారు, నలుగురు లిజియూలోని కార్మెల్ మఠంలో, లెయొనీ కాన్ నగరంలోని విజిటేషన్ మఠంలో. తెరేజమ్మ 1897లో పోయింది. మరుసటి ఏడాది ఆమె ఆత్మకథ అచ్చయింది. 1925లో ఆమెకు పునీత పట్టం వచ్చింది. ఆ పుస్తకంలోనే లోకం ఆమె తల్లిదండ్రులను మొదట చూసింది. తర్వాత జెలీ ఉత్తరాలు అచ్చులో వచ్చాయి. 1957లో తండ్రి కోసం ఒక మేత్రాసనంలో, తల్లి కోసం ఇంకో మేత్రాసనంలో విడివిడిగా పునీత పట్టం విచారణ మొదలైంది. పాత అలవాటు! 1971లో రోము ఆ రెండింటినీ ఒకటి చేసింది. పునీత పట్టానికి ముందు మెట్టు ధన్యులు కావడం. భార్యాభర్తలను జంటగా ధన్యులుగా ప్రకటించడం 2001లో ఇటలీకి చెందిన కువాత్రోకి దంపతులతో మొదలైంది. మార్టిన్ దంపతులు 2008 అక్టోబరు 19న లిజియూలో ధన్యులయ్యారు. 2015 అక్టోబరు 18న రోములో కుటుంబంపై మేత్రాణుల మహాసభ జరుగుతుండగా ఫ్రాన్సిస్ పోపు గారు వాళ్ళకు పునీత పట్టం ఇచ్చారు. వేదసాక్షులు కాని భార్యాభర్తలకు ఒకేసారి ఆ పట్టం దక్కడం అదే మొదలు.

ఈ రెండు మెట్లకూ రెండు స్వస్థతలు కావలసి వచ్చాయి. 2002లో ఇటలీలోని మోంజాలో ఒక మగబిడ్డ పుట్టాడు. ఊపిరితిత్తులు పనిచేయక యంత్రం మీద పెట్టారు, బతకడన్నారు. జ్ఞానస్నానం ఇచ్చిన గురువు మార్టిన్ దంపతుల పటం ఇస్తే, తల్లిదండ్రులు నవదిన ప్రార్థనలు చేశారు, బంధుమిత్రులూ కలిశారు. కొన్ని వారాల్లో బిడ్డ కోలుకుని ఇంటికి వెళ్ళాడు. రెండోది స్పెయిన్‌లోని వాలెన్సియాలో. 2008 అక్టోబరు 15న, ఆ దంపతులు ధన్యులు కావడానికి నాలుగు రోజుల ముందు, నెలలు నిండకుండా ఒక ఆడపిల్ల పుట్టింది. మెదడులో రక్తస్రావమైంది. ఆ పాపా కోలుకుంది. ఇలాంటివి రోములో డాక్టర్ల మండలి ముందుకు వెళ్తాయి. వైద్యం ఎక్కడివరకు పనిచేసిందో, దేనికి వైద్యంలో కారణం దొరకదో వాళ్ళు తేలుస్తారు. ప్రార్థన ఎవరికి చేశారన్నది ఆ తర్వాత వేదశాస్త్ర పండితులు చూస్తారు. ఈ క్రమం నాకు నచ్చుతుంది. వార్డు కాగితాలు, స్కానులు ముందు, సాక్ష్యాలు తర్వాత.

రెండు స్వస్థతలూ పసిబిడ్డలవే. నలుగురిని మట్టిలో పెట్టిన తల్లిదండ్రుల దగ్గరికే పసిబిడ్డల కన్నవాళ్ళు వెళ్ళారు. తన రోగం నయం కానిది మనకేం నయం చేస్తుందని వార్డులో ఒక పెద్దావిడ నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్న. అయినా నేను చూసినంతలో జెలీ పటం ఎక్కువగా అడిగి తీసుకున్నది చివరి దశలో ఉన్నవాళ్ళే. లూర్దుకు వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చి, మర్నాడు లేచి పిల్లలకు జడలు వేసిన మనిషి ఎదురుగా ఉంటే, నాకెందుకు జరగలేదు తల్లీ అని అడగడానికి వాళ్ళు జంకలేదు.

మన దగ్గర లూర్దుమాతకు గుణదల ఉంది. 1924లో కొండ మీద స్వరూపం నిలిపింది మొదలు అక్కడ మొక్కులు తీరుతూనే ఉన్నాయి. ఫిబ్రవరిలో మూడు రోజుల ఉత్సవానికి తలనీలాలిచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు మతాలతో పనిలేకుండా వస్తారు. చిన్న తెరేజమ్మ పేరు పెట్టుకున్న ఆడపిల్లలు, లిటిల్ ఫ్లవర్ పేరుతో బడులు తెలుగు నేలంతా ఉన్నాయి. ఆమె అమ్మానాన్నల గురించి మాత్రం మనవాళ్ళకు కొద్దిగానే తెలుసు. జూలై 12న వాళ్ళ పండుగ. మా గుడిలో ఆ రోజుల్లో నవదిన ప్రార్థనలు చెప్పుకుంటాం. ఆ తొమ్మిది రోజుల్లో ఒక రోజు ఆడవాళ్ళతో రొమ్ము పరీక్ష గురించి మాట్లాడతాను. ఫాదర్ గారు మొదట మొహమాటపడినా ఒప్పుకున్నారు. గడ్డ తగిలిందన్నవాళ్ళను, నెప్పి లేకపోయినా సరే, ఆ వారంలోనే ఆసుపత్రికి పంపుతాను.

ఇంకొక రోజు లూయీకి ఇవ్వాలని నా కోరిక. భార్య పోయాక కూతుళ్ళతో లిజియూకు మారాడు. 1887లో పక్షవాతం తగిలింది. మెదడు రక్తనాళాల జబ్బు ముదిరి చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోవడం, లేనివి కనిపించడం మొదలైంది. శత్రువులొచ్చారని కూతుళ్ళను కాపాడటానికి రివాల్వరు పట్టుకున్నాడు. 1889 ఫిబ్రవరి 12న కాన్‌లోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. తెరేజమ్మ మఠంలో దుస్తులు ధరించిన నెల రోజులకే ఇది. కూతుళ్ళు మఠాలకు పోవడం వల్లే ముసలాయనకు పిచ్చెక్కిందని ఊళ్ళో చెప్పుకున్నారు. మూడేళ్ళకు పైగా అక్కడే ఉన్నాడు. 1892 మేలో కాళ్ళు చచ్చుబడ్డాక ఇంటికి తెచ్చారు. 1894 జూలై 29న చనిపోయాడు. పునీత పట్టం పొందిన ఈయన మూడేళ్ళు పిచ్చాసుపత్రిలో ఉన్నాడని మన గుళ్ళలో ఎవరూ గట్టిగా చెప్పరు. క్యాన్సరు వస్తే పేరు చెప్పి పూజ పెట్టించే ఇళ్ళవాళ్ళు, మనసు చెదిరిన కొడుకు పేరు మాత్రం ఫాదర్ గారి చెవిలో కూడా వేయరు. వచ్చే జూలైలో ఒక సాయంత్రం లూయీ కాన్‌లో గడిపిన ఆ మూడేళ్ళ సంగతి చదివించి, అలాంటి ఇళ్ళ కోసం ప్రార్థన పెట్టించమని ఫాదర్ గారిని అడిగాను. ఆలోచిద్దాం సిస్టర్ అన్నారు. మళ్ళీ అడుగుతాను.