రంపపు పొట్టు పొయ్యి నుంచి పెల్లెట్ గ్రిల్ దాకా



మేము చదివింది అరవ బడిలో. తెలుగు రాయడం రిటైరైన తరువాత కూడబలుక్కొని నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించండి. ఈసారి గుళ్ళ గురించీ నాయక రాజుల గురించీ కాదు, ఒక పొయ్యి చరిత్ర రాస్తున్నాము.

పోయిన ఏడాది అమెరికాలో మా అబ్బాయి ఇంట మూడు నెలలు ఉన్నాము. వాళ్ళ పెరట్లో పెల్లెట్ గ్రిల్ అని ఒక యంత్రం ఉంది. పక్క తొట్టిలో కట్టె గుళికలు పోస్తారు. కరెంటుతో తిరిగే స్క్రూ కడ్డీ ఆ గుళికలను కొంచెం కొంచెంగా నిప్పు గిన్నెలోకి తోస్తుంది. చిన్న ఫ్యాను గాలి విసురుతుంది. ఎంత వేడి కావాలో ముందే పెట్టేస్తే యంత్రమే చూసుకుంటుంది. కోడలు మసాలా పట్టించిన కోడిని లోపల పెట్టి, మూత వేసి, వచ్చి మా దగ్గర కూర్చున్నది. గంటన్నరకు కోడి ఎర్రగా కాలింది, పొగ వాసన పట్టింది.

గుళికల సంచి ఇరవై పౌండ్లు, మన లెక్కకు తొమ్మిది కిలోలు. పార్సెల్ ఆఫీసులో పని చేసిన అలవాటు, ఏది చూసినా ముందు బరువు చదువుతాము. ఒక గుళికను నీళ్ళలో వేసి చూచాము. కాసేపట్లో ఉబ్బి విడిపోయింది. చూస్తే రంపపు పొట్టు! ఆ వాసనకు మా అమ్మ కళ్ళ ముందుకు వచ్చింది.

ఈ గుళికల కథ ఇది. అమెరికా పడమటి దిక్కున ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలలో సామిల్లులు ఎక్కువ. అక్కడ పొట్టును ఇనుప గోపురాల్లాంటి పెద్ద కొలుములలో ఊరికే తగలబెట్టేవారు. గాలి చెడిపోతుందని చట్టాలు వచ్చి అవి మూతపడ్డాయి. 1973లో నూనె దేశాలు ధర పెంచేసరికి, ఆ పొట్టును గుళికలుగా నొక్కి అమ్మడం మొదలైంది. అందులో జిగురు కలపనక్కరలేదు. కట్టెలోనే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. నొక్కే వేడికి అది మెత్తబడి, చల్లారాక గట్టిగా పట్టుకుంటుంది. మొదట ఇవి చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకొనే పొయ్యిలకే. 1980ల మధ్యలో ఓరెగాన్‌లోని మౌంట్ ఏంజెల్ అనే ఊళ్ళో జో ట్రేగర్ అనే ఆయన వంటకు గ్రిల్ చేశాడు. ఆయన పేటెంటు గడువు 2006లో తీరాక మిగతా కంపెనీలూ చేయసాగాయి.

అదే 1973 ఇక్కడ మన ఇళ్ళకూ వచ్చింది. కిరసనాయిలు ధర పెరిగింది, దొరకడమూ కష్టమైంది. అప్పుడు మేము సెంగోట్టై రైల్వే క్వార్టర్సులో ఉన్నాము. ఊళ్ళో కేరళ కొండల కట్టెను కోసే సామిల్లులు ఉండేవి. అమ్మ అక్కడి నుంచి పొట్టు మూట తెచ్చేది. అడుగున పక్కగా రంధ్రం కొట్టిన ఇనుప డబ్బా మా పొయ్యి. నడిమధ్య ఒక రోకలి నిలబెట్టి, పక్క రంధ్రంలో ఇంకొక గుండ్రటి కట్టె దూర్చి, చుట్టూ పొట్టు పోసి దట్టించాలి. ఆ దట్టించే పని మాది. తరువాత రెండింటినీ మెల్లగా తిప్పుతూ లాగితే లోపల దారి ఏర్పడుతుంది. పక్క రంధ్రంలో ఒక చితుకు అంటిస్తే పొట్టు లోపలి నుంచి అంచుల దాకా గంటల తరబడి కాలుతుంది. సరిగా దట్టించకపోతే కూలిపోయి నిప్పు ఆరిపోతుంది. తడి పొట్టయితే ఇల్లంతా పొగే.

1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె. 8వ తేదీ నుంచి 27 దాకా. మా నాయన సమ్మెలో ఉన్నారు. ఆ నెల జీతం ఇంటికి రాలేదు. ఆ రోజుల్లో రాగి సంకటి, ఉలవచారు అన్నీ ఆ డబ్బా మీదే ఉడికాయి. పొట్టు మూటకు మాత్రం అమ్మ చీకటి పడ్డాకనే వెళ్ళేది. ఇంటికి చుట్టాలు వస్తే డబ్బా మీద గోనెపట్ట కప్పేది.

ఆ యంత్రాన్ని తక్కువ చెయ్యడం లేదు. అది ఆరుబయట ఉంది, ఫ్యాను ఉంది, ఎవరి కళ్ళూ మండవు. మా అమ్మ దగ్గు ఆ పొగలోనే మొదలైంది. అయితే కరెంటు పోతే ఆ గ్రిల్ ఆగిపోతుంది. పైగా వంకాయ కాల్చి చూచాము, పచ్చడికి పొగ వాసన వచ్చింది గాని, నిప్పుల మీద కాల్చినట్టు తోలు మాడలేదు.

ఆ రాత్రి ఇదంతా అబ్బాయికి చెప్పాము. "నాయనా, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. జవాబు దొరకలేదు. అమ్మ గోనెపట్ట కప్పింది, మేమూ కప్పాము.

మన సంఘం మలర్లలో ఏ రాజు కాలంలో వచ్చాము, ఏ మడి మాన్యం దొరికింది అని రాసుకుంటాము. అదీ కావలసిందే. కాని 1973, 74లో మన ఆడవాళ్ళు దేంతో వండారో ఎక్కడా లేదు. మీ ఇంట ఈ పొయ్యి ఉండి ఉంటే, దాన్ని తెలుగులో ఏమని పిలిచేవారో, పొట్టు ఎక్కడ దొరికేదో కింద రాయండి. మా ఇంట "పొట్టు పొయ్యి" అనేవారు. మా అక్కయ్య ఒక్కతే ఇప్పటికీ అలా అంటుంది.